ఈ పేజీది ఏ ఊరు?

తెలుగు రాష్ట్రాల్లో కొత్తకోట ఒక్కటే లేదు. హైదరాబాద్ నుంచి కర్నూలు పోయే దారిలో, వనపర్తి జిల్లాలో ఒక కొత్తకోట ఉంది. అనకాపల్లి జిల్లా రావికమతం మండలంలో ఇంకో కొత్తకోట ఉంది. హార్స్‌లీ హిల్స్ ఉన్న మండలం పేరు బి.కొత్తకోట. ఇప్పుడు మీరొక వెబ్ యాప్ తయారు చేశారనుకోండి. ఎవరో సెర్చ్‌లో ‘కొత్తకోట’ అని కొట్టారు. ఒక పేజీ తెరుచుకుంది. పైన పెద్ద అక్షరాల్లో ‘కొత్తకోట’ అని ఉంది, కింద ఏవో పట్టికలున్నాయి. ఇది ఏ కొత్తకోట?

జవాబు చెప్పడానికి పేజీ నెత్తిన ఒక్క లైను చాలు: తెలంగాణ › వనపర్తి › కొత్తకోట. వెబ్ పనివాళ్లు దీన్ని బ్రెడ్‌క్రంబ్ అంటారు. మీరు రోజూ చూస్తూనే ఉంటారు, బహుశా ఎప్పుడూ ఆగి గమనించి ఉండరు.

మన పల్లెల్లో కొత్త మనిషి కనబడితే పెద్దవాళ్లు ముందు పేరు అడగరు. “ఏ ఊరు బిడ్డా? ఎవరింటోళ్లు?” అంటారు. ఆ రెండూ తెలిస్తే ఆ మనిషితో ఏం మాట్లాడాలో, ఎంతవరకు మాట్లాడాలో వాళ్లకు అందుతుంది. మీ యాప్‌లో ప్రతి పేజీ ఆ రెండు ప్రశ్నలకూ తడుముకోకుండా జవాబు చెప్పాలి. చెప్పలేకపోతే తప్పు పేజీది అనుకోకండి. దాన్ని దేని కింద పెట్టాలో తయారు చేసినవాళ్లే తేల్చుకోలేదని అర్థం.

ముందు గేటు నుంచి ఎంతమంది వస్తారు?

యాప్ తయారు చేసేవాళ్లకు ఒక గుడ్డితనం ఉంటుంది. మనం పరీక్షించేటప్పుడు ప్రతిసారీ లాగిన్ నుంచి మొదలుపెడతాం. లాగిన్, హోమ్, జిల్లా, మండలం, ఊరు అని వరుసగా లోపలికి పోతాం. మనకు దారి కంఠతా వచ్చు. అందుకే మధ్యలో ఏ పేజీలో ఉన్నా ఎక్కడున్నామో మనకు తెలిసినట్టే అనిపిస్తుంది.

వాడేవాళ్లు అలా రారు. కొత్తకోటలో ఉండే తమ్ముడు వాట్సాప్‌లో లింకు పంపిస్తాడు, హైదరాబాద్‌లో ఉన్న అన్న దాన్ని నొక్కుతాడు. అంతే, నేరుగా ఒక సర్వే నంబరు పేజీలో దిగిపోయాడు. అతనికి హోమ్ పేజీ ఎట్లా ఉంటుందో తెలియదు. బ్యాక్ నొక్కితే మళ్లీ వాట్సాప్‌లోకే పోతాడు, ఎందుకంటే అతను వచ్చింది అక్కడి నుంచే. ఎడమ పక్క మెనూలో పదహారు మాటలున్నా తానున్న పేజీ వాటిలో దేనికి చెందిందో అతనికి అంతుపట్టదు. పైన ‘వనపర్తి › కొత్తకోట › కానిమెట్ట › సర్వే నంబరు’ అన్న లైను ఉంటే రెండు సెకన్లలో కుదుటపడతాడు. పక్క నంబరు చూడాలంటే ‘కానిమెట్ట’ మీద నొక్కాలని కూడా ఎవరూ చెప్పకుండానే గ్రహిస్తాడు.

మన భాష ఇక్కడ మనకు కలిసొస్తుంది. వార్తల్లో మనం ‘వనపర్తి జిల్లా కొత్తకోట మండలం’ అనే రాస్తాం. పెద్దది ముందు, చిన్నది తరవాత. బ్రెడ్‌క్రంబ్ వరుస కూడా అదే కాబట్టి దీన్ని తెలుగు పాఠకుడికి నేర్పించాల్సిన పని లేదు.

నడిచిన దారి వేరు, ఉన్న చోటు వేరు

2002లో కీత్ ఇన్‌స్టోన్ అనే సమాచార నిర్మాణ నిపుణుడు బ్రెడ్‌క్రంబ్‌లను మూడు రకాలుగా విడదీశాడు. పేజీ ఉన్న చోటును చెప్పేవి ఒకటి, మనిషి నడిచివచ్చిన దారిని చెప్పేవి రెండు, వస్తువు లక్షణాలను చెప్పేవి మూడు. వీటిలో రెండో రకం జోలికి పోవద్దని నా గట్టి సలహా.

నడిచిన దారిని చూపిస్తే ఏమవుతుందో చూడండి. ఒకాయన సెర్చ్ నుంచి కొత్తకోట పేజీకి, అక్కడి నుంచి వనపర్తికి, మళ్లీ కొత్తకోటకు వచ్చాడు. లైను ‘సెర్చ్ › కొత్తకోట › వనపర్తి › కొత్తకోట’ అని పెరుగుతుంది. అందులో అతనికి తెలియనిది ఒక్కటీ లేదు. అదే పేజీని ఇంకొకరు తెరిస్తే ఇంకో లైను కనబడుతుంది. ఫోన్‌లో ఒకరికొకరు చెప్పుకోవడానికి కూడా పనికిరాదు. నడిచిన దారిని గుర్తుపెట్టుకునే పని బ్రౌజర్‌లో బ్యాక్ బటన్ ఎప్పటి నుంచో చేస్తూనే ఉంది. యూజబిలిటీ రంగంలో పేరున్న జేకబ్ నీల్సన్ 1995 నుంచీ బ్రెడ్‌క్రంబ్‌లు పెట్టమని చెబుతూ వచ్చాడు. 2007లో రాసిన వ్యాసంలోనూ ఆయన వాదన ఇదే: సైట్ అమరికను చూపించండి, చరిత్రను కాదు. అదే ఏడాది జనవరిలో వచ్చిన విండోస్ విస్టాలో ఫోల్డర్ల అడ్రస్ పట్టీ కూడా ఇలాగే నొక్కదగిన అంచెలుగా మారింది. ఆండ్రాయిడ్ రూపకర్తలు కూడా ‘అప్’ వేరు, ‘బ్యాక్’ వేరు అని విడదీసి చెప్పారు. బ్యాక్ అంటే ఇందాక ఎక్కడున్నానో అక్కడికి. అప్ అంటే నా పైవాడి దగ్గరికి.

ఈ తేడా బాగా తెలిసేది మీసేవ కౌంటర్ దగ్గర. మన జిల్లాల్లో ప్రభుత్వ యాప్‌లను ఎక్కువగా వాడేది రైతు కాదు, రైతు ఎదురుగా కుర్చీలో కూర్చున్న ఆపరేటర్. ఎదురుగా నిలబడ్డ మనిషి తన సర్వే నంబరు అయిపోగానే “మా అన్నది కూడా చూడు సార్, అదే ఊరు” అంటాడు. భూముల వివరాల కోసం 2020 అక్టోబర్ 29న మొదలైన ధరణిలో జిల్లా, మండలం, ఊరు, సర్వే నంబరు అనే వరుసలోనే వెతకాల్సి వచ్చేది. 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. భూమి లెక్క ఎవరు రాసినా, ఏ పేరుతో రాసినా ఈ అంచెలు తప్పవు. అలాంటి యాప్ మీరే రాస్తున్నారనుకోండి. రెండో నంబరు కోసం ఆపరేటర్ మళ్లీ జిల్లా దగ్గర నుంచి డ్రాప్‌డౌన్లు ఎంచుకుంటూ రావాలా, లేక పైన ఊరి పేరు మీద ఒక్క నొక్కు నొక్కితే సరిపోతుందా? రోజంతా అదే పని చేసే మనిషికి ఆ మూడు డ్రాప్‌డౌన్లు చిన్న భారం కాదు. క్యూలో నిలబడ్డవాళ్లకు అసలే కాదు.

ఒక చిక్కు మాత్రం ఉంది. జాబితా పేజీలో ఎవరో ఫిల్టర్ పెట్టుకుని, నాలుగో పేజీ దాకా పోయి, ఒక వివరం తెరిచారు. బ్రెడ్‌క్రంబ్‌లో జాబితా పేరు నొక్కితే ఫిల్టర్ ఉండాలా, పోవాలా? నేనైతే బ్యాక్ నొక్కితే ఫిల్టర్‌తో సహా పాత చోటికి పోవాలనీ, బ్రెడ్‌క్రంబ్ నొక్కితే శుభ్రమైన మొత్తం జాబితాకు పోవాలనీ అంటాను. ఫిల్టర్లను పేజీ అడ్రస్‌లోనే ఉంచితే బ్యాక్ తన పని తాను చేసుకుంటుంది. ఇది ఒప్పుకోని అనుభవజ్ఞులున్నారు. మీ బృందంలో ఏదో ఒకటి తేల్చుకుని, యాప్ అంతటా అదే పాటించండి.

చెట్టు మారితే ఏం చేస్తారు?

బ్రెడ్‌క్రంబ్ పెట్టమంటే ఆఫీసుల్లో దాన్ని జూనియర్‌కు అప్పగిస్తారు. పూట పని అనుకుంటారు. ఆ జూనియర్ మీరే అయితే సంతోషించండి, ఎందుకంటే ఆ పూట పనిలో యాప్ మొత్తం అమరికను, అంటే ఏది దేని కింద ఉందో చెప్పే చెట్టును, ప్రశ్నించే హక్కు మీ చేతికొస్తుంది. ‘ఈ పేజీ దేని కింద ఉంది?’ అని అడిగి చూడండి. ముగ్గురు సీనియర్లు మూడు జవాబులు చెబితే ఆ యాప్‌కు ఇంకా అమరిక లేదన్నమాట. మెనూలో ఆ గందరగోళాన్ని దాచిపెట్టొచ్చు, ఒక్క లైనులో దాచలేరు.

అమరిక ఒకసారి తేలినా అది అలాగే ఉండిపోదు. కొత్తకోటనే తీసుకోండి. 2016 అక్టోబర్ 11న, దసరా రోజు, తెలంగాణలో పది జిల్లాలు ముప్పై ఒకటి అయ్యాయి. అప్పటిదాకా మహబూబ్‌నగర్ జిల్లాలో ఉన్న కొత్తకోట ఆ పొద్దు వనపర్తి జిల్లాకు మారింది. పక్కనే మదనాపురం కొత్త మండలమైంది. 2018లో కొత్తకోట పంచాయతీ మున్సిపాలిటీ అయింది. 2019 ఫిబ్రవరి 17న నారాయణపేట, ములుగు జిల్లాలు కూడా వచ్చి లెక్క ముప్పై మూడుకు చేరింది. ఊరు కదల్లేదు. ఊరి పక్క నుంచి పోయే రోడ్డూ కదల్లేదు, ఏడో నంబరు జాతీయ రహదారి నలభై నాలుగు అయిందంతే. పైనున్న అంచెలు మాత్రం మూడేళ్లలో ఇన్నిసార్లు మారాయి.

పేజీ అడ్రస్‌లోనే ‘మహబూబ్‌నగర్/కొత్తకోట’ అని కుట్టేసిన యాప్ ఆ దసరా పొద్దున ఏమవుతుందో ఆలోచించండి. కొత్త అడ్రస్ ఇస్తే జనం దాచుకున్న పాత లింకులన్నీ చస్తాయి. పాతదే ఉంచితే పైన వనపర్తి అనీ, అడ్రస్‌లో మహబూబ్‌నగర్ అనీ కనబడుతుంది. అందుకే మూడు జాగ్రత్తలు చెబుతాను. ఊరిని పేరుతో గుర్తించకండి, కోడ్‌తో గుర్తించండి. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ నడిపే స్థానిక ప్రభుత్వాల డైరెక్టరీలో ప్రతి ఊరికీ ఒక కోడ్ ఉంది, దాన్ని వాడుకోవచ్చు. పేరును నమ్ముకుంటే మహబూబ్‌నగర్ అని ఒకరు, మహబూబ్ నగర్ అని విడదీసి ఇంకొకరు, పాలమూరు అని మరొకరు కొడతారు. ఇంగ్లిష్ స్పెల్లింగుల గొడవ సరేసరి. రెండోది, ఎవరి కింద ఎవరున్నారన్న సంగతిని వేరే టేబుల్‌లో, ఎప్పటి నుంచి ఎప్పటి వరకు అనే తేదీలతో ఉంచండి. బ్రెడ్‌క్రంబ్ ఆ టేబుల్ నుంచి పుట్టాలి, అడ్రస్‌ను ముక్కలు కోస్తే పుట్టకూడదు. మూడోది, పాత అడ్రస్‌కు వచ్చినవాళ్లను కొత్తదానికి శాశ్వతంగా మళ్లించండి. తలుపు మూయకండి.

మరి 2014 నాటి కాగితం చూపించే పేజీలో ఏ జిల్లా రాయాలి? పై లైనులో ఈనాటి జిల్లా, కాగితం లోపల ఆనాటి జిల్లా. వెతుక్కునే మనిషి ఈ రోజు బతుకుతున్నాడు కాబట్టి దారి ఈ రోజుదే ఉండాలి. కాగితం తన కాలానికి సాక్ష్యం కాబట్టి దాన్ని దిద్దకూడదు.

ఒక ఊరు, రెండు చెట్లు

కొత్తకోట రెవెన్యూ లెక్కలో వనపర్తి జిల్లా. ఎన్నికల లెక్కలో మాత్రం దేవరకద్ర అసెంబ్లీ నియోజకవర్గం, దాని పైన మహబూబ్‌నగర్ లోక్‌సభ. జిల్లా కేంద్రమైన వనపర్తి మాత్రం నాగర్‌కర్నూల్ లోక్‌సభలో ఉంది. అంటే ఒకే జిల్లాలోని రెండు పట్టణాలు ఇద్దరు ఎంపీలను ఎన్నుకుంటాయి. ఇందులో తప్పేమీ లేదు. ఓటర్ల జాబితా యాప్‌లో ‘మహబూబ్‌నగర్ › దేవరకద్ర › కొత్తకోట’ అని, భూముల యాప్‌లో ‘వనపర్తి › కొత్తకోట’ అని రాయాలి. రెండు పనులూ ఒకే యాప్‌లో ఉంటే ఏ పని మీద వచ్చారో దాన్ని లైను మొదట్లోనే పెట్టండి: ‘ఎన్నికలు › …’ లేదా ‘భూములు › …’. రెండింటినీ ఒకే లైనులో కలపాలని చూస్తే ఎవరికీ అర్థం కాని మూడో చెట్టు మొలుస్తుంది.

అమ్మకపు యాప్‌లలో ఇది ఇంకా ముదురుతుంది. కొత్తకోటలోనూ, అమరచింతలోనూ మగ్గాలున్నాయి. పక్కన గద్వాల ఉండనే ఉంది. చేనేత చీరలమ్మే యాప్ రాయమన్నారనుకోండి. ఒంటికి నూలు, అంచుకూ కొంగుకూ పట్టు ఉన్న గద్వాల చీరను దేని కింద పెడతారు? ‘గద్వాల’ కిందా? ‘నూలు’ కిందా? ‘పట్టు’ కిందా? ‘పెళ్లి చీరలు’ కిందా? నాలుగూ సరైనవే. అలాగని నాలుగు చోట్లా పెట్టి, ఎటు నుంచి వస్తే ఆ లైను చూపిస్తే ఒకే చీరకు నాలుగు చిరునామాలు తయారవుతాయి. ఒక కొనుగోలుదారు లింకు పంపిస్తే అవతలి మనిషికి ఇంకో లైను కనబడుతుంది. చీరకు ఒక్క ఇల్లు ఇవ్వండి. కొనేవాళ్లు మొదట ఏ మాటతో అడుగుతారో అదే దాని ఇల్లు. మన దుకాణాల్లో “గద్వాల చూపించు, నారాయణపేట చూపించు” అని ఊరి పేరుతోనే అడుగుతారు కాబట్టి నేనైతే ఊరికే ఓటేస్తాను. నూలు, పట్టు, రంగు, ధర లాంటివన్నీ ఫిల్టర్లుగా పక్కన ఉండాలి. ఇన్‌స్టోన్ చెప్పిన మూడో రకం ఇదే. దాన్ని తొలగించుకోగల చిన్న చీటీల్లాగా చూపించొచ్చు, ఇంటి చిరునామాలో మాత్రం కలపకండి.

తెలుగు పేర్లు, చిన్న తెర

ఫోన్ తెర మీద ఈ లైను పట్టదు. అప్పుడు చాలామంది పేర్లను కత్తిరిస్తారు, మొదటి నాలుగు అక్షరాలుంచి చుక్కలు పెడతారు. ఇంగ్లిష్‌లో అదెలాగో నెట్టుకొస్తుంది, తెలుగులో పరువు పోతుంది. మన కంటికి ‘కొత్తకోట’లో నాలుగే అక్షరాలు. కంప్యూటర్ లెక్కలో మాత్రం ఎనిమిది యూనికోడ్ గుర్తులు: క, ఒత్వం, త, పొల్లు, త, క, ఓత్వం, ట. నాలుగు గుర్తుల దగ్గర కోస్తే తెర మీద మిగిలేది ‘కొత్’. ఏ తెలుగువాడూ అలా రాయడు. సంయుక్తాక్షరాన్ని ముక్కలు చేయకూడదన్న నియమం తెలుగుతో పాటు కొన్ని భారతీయ లిపులకు యూనికోడ్ ప్రమాణంలో 2023లో, 15.1 సంచికలో మాత్రమే చేరింది. మీరు వాడే లైబ్రరీ అంతకన్నా పాతదైతే ‘త్త’ను రెండుగానే లెక్కపెట్టొచ్చు. ఆ గొడవే వద్దు. పేర్లను కోయకండి, నడిమి అంచెలను మడవండి: ‘తెలంగాణ › … › కొత్తకోట › కానిమెట్ట’. చుక్కలు నొక్కితే మిగతావి తెరుచుకోవాలి. చోటు మరీ తక్కువైతే ఒక్క పై అంచె చాలు, ‘‹ కొత్తకోట’ అని. అంతకన్నా తగ్గించొద్దు.

కోడ్ సంగతి త్వరగా ముగిస్తాను, ఇది ఎక్కడైనా దొరుకుతుంది. లైను మొత్తాన్ని ‘నావ్’ ట్యాగులో పెట్టి దానికి పేరు ఇవ్వండి, లోపల వరుస జాబితా వాడండి, ఇప్పుడున్న పేజీకి ‘ఏరియా-కరెంట్’ గుర్తు పెట్టండి. మధ్యలోని బాణం గుర్తులను సీఎస్‌ఎస్‌తో వేయండి. మామూలు అక్షరాలుగా టైపు చేస్తే చూపు లేనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్ ప్రతి బాణాన్నీ చదివి విసిగిస్తుంది. చివరి పేరుకు లింకు అక్కర్లేదు, ఉన్న చోటికే మళ్లీ పోవడమెందుకు?

అనుమతుల సంగతి మాత్రం ఎక్కువమంది మరిచిపోతారు. మండలం దాకానే చూడగల ఉద్యోగికి జిల్లా పేరు లింకుగా కనబడి, నొక్కితే ‘మీకు అనుమతి లేదు’ అని వస్తే అది అవమానంలా ఉంటుంది. పేరు కనబడనివ్వండి, లింకు తీసేయండి.

బ్రెడ్‌క్రంబ్ వద్దనే చోట్లు కూడా ఉన్నాయి. రెండే అంచెలున్న చిన్న యాప్‌కు అనవసరం. దరఖాస్తు నింపే పేజీల్లో ‘వివరాలు, పత్రాలు, చెల్లింపు’ అని వరుసగా చూపించేది బ్రెడ్‌క్రంబ్ కాదు, అది పని ఎంతవరకు వచ్చిందో చెప్పే పట్టీ. రెండింటినీ ఒకే రూపంలో గీస్తే జనం సగం నింపిన ఫారం వదిలేసి వెనక్కి పోతారు.

గూగుల్ కోసమే ఇదంతా చేస్తున్నామనుకునేవాళ్లకు ఒక మాట. గూగుల్ తన ఫలితాల్లో బ్రెడ్‌క్రంబ్‌లు చూపించడం 2009లో మొదలుపెట్టింది. 2025 జనవరిలో ఫోన్ ఫలితాల్లో నుంచి తీసేసింది, కంప్యూటర్‌లో ఉంచింది. రేపు ఇంకేం చేస్తుందో వాళ్లిష్టం. ఈ అంచెలను గూగుల్‌కు చెప్పే నిర్మాణ సమాచారం (స్ట్రక్చర్డ్ డేటా) పెట్టండి, నష్టం లేదు. కానీ మీ లైనును చదివేది కౌంటర్ దగ్గరి ఆపరేటర్, వాట్సాప్ లింకు నొక్కిన అన్న. లెక్క వాళ్లదే.

ఈ సాయంత్రం ఒక పని చేయండి. మీ యాప్‌లో బాగా లోపల ఉన్న ఒక పేజీ లింకు తీసుకుని, ఆ యాప్ ఎప్పుడూ చూడని మీ ఇంటి మనిషికి వాట్సాప్‌లో పంపండి. ఫోన్ చేసి రెండే అడగండి: “ఇది దేని గురించి? ఇలాంటివే ఇంకొన్ని చూడాలంటే ఎక్కడ నొక్కుతావు?” వాళ్లు జవాబు వెతుక్కుంటుంటే మీరు సాయం చేయకండి. వాళ్లు ఏ మాట దగ్గర ఆగారో రాసుకుని, రేపు పొద్దున ఆ మాట నుంచి పని మొదలుపెట్టండి.